బోణీ ఐదు వందలు

ఆదాయపు పన్ను అధికారి గారికి,
హైదరాబాదు.

మన్సూరాబాద్, ఎల్‌బీ నగర్ నివాసి, చేనేత పింఛనుదారు చిలువేరు మారయ్య (వయసు 72) తన భార్య మల్లమ్మ (వయసు 67) తరఫున వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మి గత సంవత్సరం రూ. 21,12,660 సంపాదించినట్లు కనబడుతోందని నా భార్యకు వచ్చిన నోటీసు – ఆమె ఏ సరుకూ అమ్మలేదనుట – అయినను ఆమెకు ఆదాయము కలదనుట – గురించి.

అయ్యా,

విషయం చదివి తమరు ఒకసారి కళ్లద్దాలు తుడుచుకొని ఉంటారు. అందులో తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్లే వ్రాశాను. పోచంపల్లి దగ్గరి మా ఊరి చేనేత సంఘం తరఫున ముప్పై ఏళ్లు అర్జీలు వ్రాసినవాడిని నేనే. నూలు రాలేదని, రంగులు రాలేదని, వచ్చిన రంగు పోతోందని వ్రాశాను. కానీ ఇంత చిక్కు అర్జీ వ్రాయవలసి రావడం ఇదే మొదలు. కావున తమరు కాస్త ఓపిక పట్టి ఈ దిగువ సంగతులు వరుసగా వినవలెనని మనవి.

1. నోటీసు మా కోడలు మాలతి చదివింది. చదివి, "ఇరవై ఒక్క లక్షలా! యాడ వెట్టినవ్ అత్తమ్మా?" అని అడిగింది. నా భార్య వంకాయలు కోస్తూ, "నన్నెందుకడుగుతవే, సర్కారును అడుగు. వాళ్లకే ఎరుక" అన్నది. ఆ మధ్యాహ్నం నేను ఆమె ట్రంకుపెట్టె వైపు రెండుసార్లు అనుమానంగా చూసిన మాట వాస్తవం. అందులో పాత దుప్పట్లు తప్ప ఏమీ లేవు. ఈ సంగతి ఆమెకు తెలియదు, తమరు కూడా తెలియనివ్వకూడదు.

2. నోటీసు ప్రకారం నా భార్య చీరలు, పచ్చళ్లు, కేకులు, వెండి పట్టీలు, పిల్లల గౌన్లు, మొలకెత్తిన పెసలు అమ్ముతున్నది. మా పన్నుల లెక్కలు చూసే పట్టాభి గారికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆఫీసు ఉంది. ఆయన ఆ జాబితా చదివి, "ఇంత పెద్ద షాపు ఎల్‌బీ నగర్‌లో నాకు తెలీకుండా ఎక్కడుందండీ?" అని అడిగారు. ఆయనది కోస్తా. పరాచికాలు ఆడేటప్పుడు కూడా అండీ మానరు.

3. అసలు సంగతి బోణీతో మొదలైనది. నా కొడుకు మధుకర్ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో ఉద్యోగి. కోడలు మాలతి రెండేళ్ల క్రితం మా ముందు గదిలో కూర్చొని, ఫోనులో చూపిస్తూ పోచంపల్లి చీరలు అమ్మడం మొదలుపెట్టింది. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆ గది దుకాణం. ఆ వేళలో నేను దగ్గకూడదు, నా దగ్గు బెంగళూరు దాకా వినబడుతుందట. మొదటి పది రోజులు ఒక్క చీరా పోలేదు. పదకొండో రోజు నా భార్య తన ఫోను తెచ్చి, "పట్టు, నా చేత్తోని బోణీ చేస్త" అని కోడలికి ఐదు వందలు పంపించింది. ఆమె ఖాతాలో ఉన్నదే ఐదు వందలు. ఆ రోజు మూడు చీరలు పోయాయి. అత్తగారికి చీర అమ్మినట్లు కాదు గనుక కోడలు సాయంత్రం ఆ ఐదు వందలు తిరిగి పంపింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పంతా ఆ మూడు చీరలదే.

4. ఎందుకంటే ఆ మాట ఎదురింటికి వెళ్లింది. ఎదురింటి జోస్నా కేకులు చేసి ఫోనులో అమ్ముతుంది. వాళ్లు చర్చికి పోయేవారు, బోణీ పట్టింపు వాళ్లకుంటుందని నేను అనుకోలేదు. "ప్రార్థన నేను చేసుకుంటా అమ్మమ్మా, బోణీ నువ్వు చెయ్యి. జర పొద్దుగాల చెయ్యాలె, తొమ్మిదింటికే ఆర్డర్లు వెడతరు" అన్నది. ఆ తరువాత గుంటూరు వైపు నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన వేదవతి గారు గోంగూర పచ్చడి సీసాతో వచ్చారు. "పిన్నిగారూ, మీ చెయ్యి పడితే చాలండీ, సాయంత్రానికల్లా సీసాలన్నీ అయిపోతాయి" అన్నారు. అలా ఏడాది తిరిగేసరికి మా కాలనీలో ఫోనులో సరుకులు అమ్మే పద్నాలుగు ఇళ్లకు నా భార్యే బోణీ. పొద్దున్నే పళ్లు తోముకొనకముందే గేటు దగ్గర ముగ్గురు నిలబడేవారు. నాకు చాయ్ వచ్చేసరికి తొమ్మిది దాటేది. ఈ చాయ్ సంగతి తమ శాఖ పరిధిలోకి రాదని తెలుసు, అయినా నమోదు చేయ ప్రార్థన.

5. ఇక ముఖ్యమైన సంగతి. పద్నాలుగు ఇళ్లకూ పోయేది ఒకే ఐదు వందలు. కోడలికి మొదటిసారి కలిసి వచ్చిన ఆ ఐదు వందలే కలిసి వచ్చే డబ్బని నా భార్య నమ్మకం. అందుచేత అది ఒక ఇంటికి పోయి తిరిగి వస్తే గాని ఇంకో ఇంటికి పంపదు. "బ్యాంకుల పైసలకు మొఖాలుంటయానే, ఏదైతేంది?" అని నేను ఒకసారి అన్నాను. "నీకు గుర్తు వట్టరాదు, నాకొస్తది" అన్నది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

6. ఐదు వందలు తిరిగి పంపేటప్పుడు ప్రతివారూ గుర్తు కోసం "చీర బోణీ", "కేకు బోణీ", "పచ్చడి బోణీ" అని పక్కన వ్రాసేవారు. తమ కంప్యూటరు దాన్ని చదివి, ఈమె కేకూ పచ్చడీ ఒకే చోట అమ్ముతున్నదని నమ్మితే దాని తప్పు కాదు. నేనైనా నమ్ముదును.

7. లెక్క. మంగళవారాలూ అమావాస్యలూ పోగా బోణీ రోజులు మూడు వందలు. రోజుకు పద్నాలుగు మార్లు ఐదు వందలు. వెరసి ఇరవై ఒక్క లక్షలు. జోస్నా ఆదివారాలు బోణీ తీసుకోదు, అవి యాభై ఒకటి, కనుక ఇరవై ఐదు వేల ఐదు వందలు తగ్గుతాయి. మిగిలినది రూ. 20,74,500. ఇది మొత్తం ఒకే ఐదు వందల రూపాయల రాకపోకలని, ఆ ఐదు వందలు ఇప్పటికీ ఆమె ఖాతాలోనే క్షేమంగా ఉన్నాయని మనవి.

8. తమ నోటీసు మొత్తానికీ నా లెక్కకూ రూ. 38,160 తేడా వచ్చింది. దాని వలన నాకు నాలుగు రోజులు అన్నం సహించలేదు. ముప్పై ఏళ్లలో నా లెక్క తప్పిందని సంఘంలో ఎవరూ అనలేదు. దీని సంగతి తరువాత విన్నవించుకొంటాను, ముందు గొడవ సంగతి చెప్పాలి.

9. గొడవ ఏమనగా: పట్టాభి గారు ఈ బోణీ వృత్తాంతం విని బాగా నవ్వి, దీనికి చిన్న మార్గం ఉందన్నారు. ఒక కాగితం టైపు చేయించి తెచ్చారు. "నేను గృహిణిని. నాకు ఏ వృత్తీ లేదు. నాకు ఏ ఆదాయమూ లేదు, ఎన్నడూ లేదు" అని అందులో ఉంది. కింద నా భార్య సంతకం పెడితే నోటీసు దానంతట అదే పోతుందన్నారు.

నా భార్య నిదానంగా చదువుతుంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి ఆ కాగితం మొత్తం చదివింది. తరువాత కలాన్ని పట్టాభి గారికి తిరిగి ఇచ్చింది.

"గీ కాయితం మీద నేను సంతకం పెట్ట."

"ఏమైందండీ? ఫార్మాలిటీ అండీ ఇది" అని పట్టాభి గారు.

"ఫార్మాలిటీ నీకు. ఎన్నడూ లేదని రాస్తివి. నలభై ఒక్క ఏండ్లు ఈయన మగ్గం కాడ ఏం జేసిన నేను, ముంగట ముక్కలేసుకొని పత్తాలాడిన్నా?"

పట్టాభి గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

10. పన్ను కట్టవలసి వస్తే ఎంత అవుతుందో పట్టాభి గారు ఒక చిన్న చీటీ మీద వేసి, నా చేతికి మడిచి ఇచ్చారు. మా ఇల్లు కిరాయిది. నా పింఛను రెండు వేల పదహారు. ఆ అంకె చూసి నేను రెండు గ్లాసుల నీళ్లు తాగాను. అందుచేత భార్యను బ్రతిమాలాను, ఒక్క సంతకం పెట్టు, పరేషాన్ పోతుంది అన్నాను. "పరేషాన్ పోతది, నేను గూడ పోత" అన్నది. కొడుకు బ్రతిమాలాడు. వేదవతి గారు బ్రతిమాలారు. కోడలు మాత్రం బ్రతిమాలలేదు. ఆమె ఏదో చెప్పబోయి అత్తగారి ముఖం చూసి ఊరుకున్నది. తమకు జవాబు ఇవ్వవలసిన పదిహేను రోజుల్లో పదమూడు గడిచాయి.

11. ఇప్పుడు తేడా సంగతి. తేడా బయటపడిన ఐదో రోజున బ్యాంకు కాగితాలు మళ్లీ మొదటి నుంచి చూస్తే, ఐదు వందల మధ్యన అక్కడక్కడా నూట ఇరవై రూపాయలు కనబడ్డాయి. పక్కన ఏ మాటా వ్రాసి లేదు. లెక్కపెడితే మూడు వందల పద్దెనిమిది. అన్నీ మాలతి పంపినవే. ఇంట్లో అడగడానికి ముఖం చెల్లక ఆ కాగితాలు పట్టాభి గారి దగ్గరికే తీసుకుపోయాను. ఆయన చూసి కాసేపు తల గోక్కుని మాలతి లెక్కల ఫైలు తీశారు. నా కోడలు తన చీరల వ్యాపారానికి ఏటా సక్రమంగా లెక్క చూపి పన్ను కడుతున్నదని ఈ సందర్భంగా మనవి. ఆ ఫైలులో ఖర్చుల కింద ఒక వరుస ఉంది: "చీర కొంగులకు కుచ్చుల కూలి, చీరకు 120 చొప్పున 318 చీరలకు, మల్లమ్మ గారికి, 38,160."

"ఆ మల్లమ్మ గారు మీ ఆవిడని నాకేం తెలుసండీ! ఎవరో పనిమనిషి అనుకున్నాను. అప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మీ కోడలి లెక్క అబద్ధమైపోయేదండీ" అన్నారు పట్టాభి గారు. ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

12. ఇంటికి వచ్చి కోడలిని అడిగాను. "అవును మామయ్యా. కుచ్చులు బయట కట్టిస్తే రెండొందలు తీసుకుంటరు. అత్తమ్మ మంచిగ కడ్తది. పైసలియ్యకుంటే ఎట్ల? ఊకెనే చేయించుకుంటరా ఎవరన్న?" అన్నది. ఆ చివరి మాట నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా వచ్చి నాకే తగిలింది.

నా భార్య మధ్యాహ్నం పూట కొంగు ఒళ్లో వేసుకొని పోగులు ముడివేస్తూ కూర్చోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కాలక్షేపం అనుకొన్నాను. అంతకు ముందు నలభై ఒక్క ఏళ్లు కూడా అలాగే అనుకొన్నానని ఇప్పుడు తెలుస్తున్నది.

13. తమరు నేత పని చూసి ఉండకపోవచ్చు. ఒక్క చీర మగ్గం ఎక్కాలంటే ముందు ఆసు పోయాలి, అంటే నూలు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ వేల మార్లు చేత్తో తిప్పాలి. తరువాత రంగు అంటకూడని చోట దారంతో చిటికీలు కట్టాలి. కండెలకు నూలు చుట్టాలి. ఇవన్నీ నా భార్య చేసింది. ఆ తరువాత నేను నేశాను. సంఘం పుస్తకంలో నా పేరు. గుర్తింపు కార్డు మీద నా ఫోటో. కూలి నా చేతికి. ఒక ఏడు ఉత్తమ నేతగాడని సంఘంవారు శాలువా కప్పారు, చలికాలం ఆ శాలువా కూడా నేనే కప్పుకొంటున్నాను. పింఛను నా పేరున. ఇన్నేళ్లలో నేను వ్రాసిన అర్జీల్లో ఆమె పేరు ఎక్కడైనా ఉందా అని నిన్న కూర్చొని గుర్తు చేసుకొన్నాను. రేషన్ కార్డు అర్జీలో ఉంది.

కాలనీ అంతా మంచి చెయ్యి అని వరుస కట్టిన ఆ కుడిచెయ్యి భుజం కంటే పైకి లేవదు. ఆసు పోసి పోసి అలా అయింది. ఆమె జడ మాలతి వేస్తుంది. ఇది వ్రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. అర్జీలో సిగ్గు అని వ్రాయవచ్చునో లేదో తెలియదు, వ్రాశాను.

14. నోటీసు వచ్చిన నాటి నుంచి నా భార్య బోణీలు ఆపివేసింది. "సర్కారోళ్లు అడుగుతున్నప్పుడు చెయ్యొద్దు" అన్నది. వేదవతి గారి పచ్చడి సీసాలు బారుగా నిలబడి ఉన్నాయి. జోస్నా ఇంట్లో మిగిలిన కేకులు మా ఇంటికే వస్తున్నాయి. నాకు షుగరు ఉంది. ఈ కారణం చేత కూడా త్వరపడవలెనని కోరడమైనది.

కావున తమకు చేసుకొనే ప్రార్థన ఏమనగా:

(అ) బోణీ ఐదు వందలు నాలుగు వేల మార్లు వచ్చినా ఐదు వందలేనని గ్రహించి, దాన్ని ఆదాయం కింద లెక్కించవద్దు. ఇకమీదట ఈ బోణీ నోటుతో, చేతికి చేతికి జరిగేలా చూస్తాను. ఆ నోటుకు తప్పకుండా ఒక ముఖం ఉంటుంది.

(ఆ) రూ. 38,160 మాత్రం ఆదాయమే. నా భార్య కష్టపడి సంపాదించినది. దాన్ని దయచేసి కొట్టివేయవద్దు. దాని మీద పన్ను ఎంత పడుతుందని ఆమె పట్టాభి గారిని అడిగింది. ఏమీ పడదండీ అన్నారు ఆయన. "కట్టేటంత లేదా? జర సూడు, ఎంతో కొంత పడ్తదేమో" అని మళ్లీ అడిగింది. లేదన్నాక కొంచెం చిన్నబుచ్చుకొన్నది. కనీసం ఆదాయం ఇంత అని తమ కాగితం మీద ఆమె పేరున ఒక్క వరుస వ్రాసి పంపితే చాలు.

(ఇ) ఆ కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంటుందని పట్టాభి గారు చెప్పారు. అందులో గృహిణి అని వ్రాయవద్దు. నేత పని అని వ్రాయవలెను. రుజువు కావాలంటే నా గుర్తింపు కార్డు జత చేస్తున్నాను. అది నా పేరునే ఉన్నది, అయినా రుజువు ఆమెదే.

పైన వ్రాసినదంతా నిజమని, నా భార్య పక్కన కూర్చొని విన్నదని, రెండుచోట్ల దిద్దించిందని తెలియజేసుకొంటూ, ఈ మనవిని ఆమె దిద్దుబాట్లతో సహా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, అంతకన్న ముందు ఆమె విధేయుడు,
చిలువేరు మారయ్య

తా.క. అర్జీ పొద్దున ముగించాను. ఇది సాయంత్రం వ్రాస్తున్నాను. అంతా విన్నాక నా భార్య ఒక్క ప్రశ్న అడిగింది: "గట్లైతే గా సంఘం పైసలల్ల నా కూలి ఎంత?" సగం అన్నాను. అప్పటి నుంచి వేళ్ల మీద లెక్క వేస్తున్నది. మధ్యాహ్నం దాకా పెళ్లయిన నాలుగో ఏడు దగ్గరే ఉన్నది. మొత్తం తేలేసరికి పెద్ద అంకె అయ్యేటట్లు ఉంది. అది ఆమె ఖాతాలో పడితే మళ్లీ నోటీసు వస్తుందేమో ముందుగా తెలియజేయ ప్రార్థన. అయితే తమరు కంగారు పడనక్కరలేదు. నా పింఛనులోంచి నెలకు ఐదు వందల చొప్పున కట్టేటట్లు ఇంట్లో ఒప్పందమైనది. మొదటి వాయిదా పొద్దున ఆ మాట కాగానే ఆమె ఫోనుకు పంపించాను. బోణీకి పంపిన ఐదు వందలు ఇన్నాళ్లూ సాయంత్రానికల్లా పంపినవారికే తిరిగి వస్తున్నాయి కదా, నావీ వస్తాయని, ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఏడు దాటింది. రాలేదు.